బడి ఆవరణలో రేకుల షెడ్డు: డబ్బు ముందు భూమిలో పెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 320 మంది పిల్లలు. మధ్యాహ్న భోజనం చెట్టు కింద, వానొస్తే వరండాలో ఇరుక్కుని. పూర్వ విద్యార్థులంతా కలిసి షెడ్డు వేయిద్దామనుకున్నారు. ఇనుప షెడ్లు కట్టే ఫ్యాబ్రికేటరు ఒకాయన 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పుకు కొటేషను ఇచ్చాడు. ఒక పక్క బిల్డింగు స్లాబుకు ఆనిస్తాడు, మిగతా పక్కల మూడంగుళాల పైపు స్తంభాలు, అడుగున్నర గుంతలు, 0.35 ఎంఎం రేకు. ఇది ఉదయం ప్రార్థనకూ మధ్యాహ్నం భోజనానికీ రెండింటికీ సరిపోతుందా, రేకు ఏది మంచిది, రేటు సబబేనా అని అడిగారు.

రేటు సంగతి తర్వాత చూద్దాం. ఈ కొటేషను ఇచ్చినాయన ఎండనూ వాననూ లెక్కలోకి తీసుకున్నాడు, గాలిని తీసుకోలేదు. బడి షెడ్డుకు అసలు పరీక్ష గాలే.

షెడ్డు బరువుకు కుంగి పడిపోతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర మంచు కురవదు, రేకుల మీద నిలిచే బరువంటూ ఏమీ లేదు. మన షెడ్లు పడవు, లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలులు వీచిన మర్నాడు పేపర్లో జిల్లా పేజీ తీయండి, రేకులు లేచిపోయిన ఫొటో ఒకటైనా ఉంటుంది. గోడలు లేని షెడ్డు కింద గాలి దూరి పైకి తోస్తుంది. పైనుంచి పోయే గాలి రేకును పైకే పీలుస్తుంది. రెండూ ఒకే వైపుకు పనిచేస్తాయి. గాలిలో గొడుగు తిరగబడేది ఇందుకే.

గాలివాన మర్నాడు ఒక బడికి నన్ను పిలిచి చూపించారు. షెడ్డు మొత్తం పక్కనున్న కాంపౌండు గోడ మీద వాలిపోయి ఉంది. ట్రస్సులకు, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలకు, వంకర లేదు, వెల్డింగులు ఊడలేదు, రేకులు కూడా చాలావరకు పట్టుకునే ఉన్నాయి. స్తంభాలు మాత్రం ఒక్కొక్కటీ అడుగున బిందెంత కాంక్రీటు ముద్దతో సహా భూమిలోంచి ఊడొచ్చాయి. గుంత తవ్వి, పైపు నిలబెట్టి, నాలుగు తట్టల కాంక్రీటు పోసి, మిగతాది మట్టితో పూడ్చేశారన్నమాట. పైన కనిపించే పనంతా బాగుంది, కనిపించని చోట మిగుల్చుకున్నారు. అది ఆదివారం కాబట్టి పిల్లలు లేరు.

ఇక లెక్క. కట్టడం మీద గాలి ఒత్తిడిని ఎలా లెక్కించాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. 2015లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం హైదరాబాద్‌లో కట్టడాల లెక్కకు తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 44 మీటర్లకు అది దాదాపు 1,160 న్యూటన్లు, అంటే సుమారు 118 కిలోల బరువు. కప్పు ఆకారాన్ని బట్టి, చుట్టూ ఉన్న అడ్డాలను బట్టి ఇది పెరుగుతుంది, తరుగుతుంది. ఆ లెక్క ఇంజినీరు చేస్తాడు. మనం మాట్లాడుకోవడానికి చదరపు మీటరుకు 100 కిలోలు పైకి లేపుతుంది అనుకుందాం.

మీ కొటేషనులోని 2,400 చదరపు అడుగులంటే 223 చదరపు మీటర్లు. గాలి పైకి లేపేది 22 టన్నులు. రేకు, దాని కింద అడ్డంగా వేసే పర్లిన్లు, ట్రస్సులు, స్తంభాలు అన్నీ కలిపి షెడ్డు బరువు మహా అయితే నాలుగు టన్నులు. మిగతా 18 టన్నులను పట్టుకోవలసింది పునాదులు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంతలో పట్టే కాంక్రీటు వంద కిలోలు. ఇలాంటి దిమ్మెలు ఇరవై పెట్టినా రెండు టన్నులే. మిగతాది ఎవరు పట్టుకుంటారని ఆయన్నే అడగండి. "స్లాబుకు ఆనిస్తున్నాం కదా సార్" అంటాడు. ఆ స్లాబు సంగతి కాసేపట్లో చెబుతాను.

కోస్తా వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ లెక్క వేరు. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉన్న బడులు, ఆసుపత్రులు తుపాను తర్వాత జనానికి అక్కరకొచ్చేవి కాబట్టి, వాటికి గాలి వేగాన్ని 1.3తో హెచ్చించమని అదే ప్రమాణం చెబుతుంది. వేగాన్ని వర్గం చేస్తాం కాబట్టి పైకి లేపే బలం హైదరాబాద్ లెక్కకు రెండింతలు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద పడినప్పుడు చూసినవాళ్లకు నేను ఇంకా చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు విషయం, ప్రార్థనకూ భోజనానికీ ఒకే షెడ్డు. నా సలహా వద్దనే. కారణం నీడ.

షెడ్డు ఉన్న చోటే నీడ ఉంటుందనుకుంటాం. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడే అది నిజం. 12 అడుగుల ఎత్తున్న కప్పు నీడ ఉదయం తొమ్మిదికి, మార్చిలో అయితే దాదాపు 16 అడుగులు, జూన్‌లో 12 అడుగులకు పైగా పడమరకు జరిగి పడుతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ప్రార్థన ఎనిమిదికే. అప్పుడు నీడ 25 అడుగులకు పైనే పడమరకు పోతుంది. 24 అడుగుల వెడల్పున్న షెడ్డు వేశారనుకోండి, నీడ మొత్తం బయట ఉంటుంది, పిల్లలు షెడ్డు కింద ఎండలో నిలబడతారు. లక్షలు పోసి కట్టాక హెడ్‌మాస్టరు గారు "ఇదేంటయ్యా" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

దీన్ని మీరే చూసుకోవచ్చు. పిల్లల దగ్గర ఉండే 12 అంగుళాల స్కేలును మైదానంలో నిటారుగా నిలబెట్టి నీడ కొలవండి. నీడ 15 అంగుళాలుంటే, 12 అడుగుల కప్పు నీడ ఆ సమయానికి 15 అడుగులు జరుగుతుంది. అంగుళాలు అలాగే అడుగులైపోతాయి, వేరే లెక్క అక్కర్లేదు. ప్రార్థన వేళ ఒకసారి, భోజనం వేళ ఒకసారి కొలిచి ముగ్గుపిండితో గీత గీసి చూడండి. సైన్సు టీచరు గారికి చెబితే తొమ్మిదో తరగతి పిల్లలతో చేయిస్తారు.

భోజనం వేళ ఈ బాధ లేదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు, నీడ రెండు మూడడుగులకు మించి జరగదు. కాబట్టి షెడ్డును భోజనానికే కట్టండి. ప్రార్థనకు బిల్డింగు నీడ వాడుకోండి. ఉదయం పూట బిల్డింగు నీడ పడమర వైపు పడుతుంది కదా, వరసలను అటు మారిస్తే రూపాయి ఖర్చు లేదు. మీ బడిలో జెండా దిమ్మె తూర్పు వైపు ఉందని, అందుకే ప్రార్థన అక్కడే చేస్తారని రాశారు. జెండా ఎగరేసేది ఏడాదికి రెండు మూడు రోజులు. రోజూ జరిగే ప్రార్థనను దాని కోసం ఎండలో ఉంచడం ఎందుకు?

భోజనానికే అనుకుంటే 2,400 చదరపు అడుగులు కూడా అక్కర్లేదు. నేల మీద వరసగా కూర్చుని, మధ్యలో వడ్డించేవాళ్లు తిరగడానికి దారి వదిలితే నేను ఒక్కొక్కరికి ఆరు చదరపు అడుగులు వేసుకుంటాను. రెండు బంతులుగా తింటే 160 మందికి 960 చదరపు అడుగులు, అంటే 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. పెద్ద షెడ్డు పల్చగా కట్టేకంటే చిన్నది గట్టిగా కట్టడం మేలు. డబ్బు మిగిలితే రెండేళ్ల తర్వాత దానికి పక్కనే ఇంకో 20 అడుగులు కలపవచ్చు. కలిపే ఉద్దేశం ఉంటే చివరి స్తంభాలకు బోల్టు వేసే ప్లేటు ముందే పెట్టించుకోండి.

బిల్డింగుకు ఆనించడం గురించి. వద్దు. పాత స్లాబు అంచులో, సజ్జాలో ఎంత ఇనుము ఉందో, అది ఎంత తుప్పు పట్టిందో పైనుంచి తెలియదు. అందులో డ్రిల్లు వేసి బోల్టులు బిగించి, గాలి వచ్చినప్పుడు ఆరేడు టన్నుల లాగుడు దాని మీద వేస్తే, షెడ్డుతో పాటు సజ్జా పెచ్చులు కూడా ఊడతాయి. కింద క్లాసు గుమ్మం ఉంటుంది. పైగా బిల్డింగు పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్త స్తంభాలు ఇప్పుడు కుదురుకోవాలి, ఆ తేడాతో అతుకు దగ్గర ఏటా కారుతూనే ఉంటుంది. క్లాసు గదుల్లోకి వెలుతురు, గాలి తగ్గిపోతాయి, ఎండకు కాగిన రేకు వేడి కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. షెడ్డు తన కాళ్ల మీద తాను నిలబడాలి. బిల్డింగుకూ దానికీ మధ్య కనీసం నాలుగడుగులు వదలండి. రెండు బిల్డింగుల మధ్య సందు అయితే ఇంకా ఆలోచించండి, సందులో గాలి ఊపు పెరుగుతుంది.

చోటు చూసేటప్పుడు తల పైకెత్తి కూడా చూడండి. 11 కేవీ లైను పోతుంటే, షెడ్డులోని ఏ భాగానికీ తీగకూ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. అవి కనీస దూరాలు. రేకులు ఎత్తేటప్పుడు పనివాళ్ల చేతిలో 12 అడుగుల రేకు నిలువుగా లేస్తుందని గుర్తుంచుకుంటే, లైను కింద ఆ చోటే వద్దనుకుంటారు. ఫైరింజను, అంబులెన్సు వచ్చే దారికి అడ్డం రాకూడదు. వేపచెట్టు అడ్డం వస్తోందని కొట్టేయకండి. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అది సరే, అంత చల్లని నీడ మీ రేకు జన్మలో ఇవ్వదు. షెడ్డును పది అడుగులు జరపండి.

వంటగది ఎక్కడుందో మీరు రాయలేదు. చాలా బడుల్లో వంట ఆరుబయటే, కట్టెల పొయ్యి మీదే సాగుతోంది. షెడ్డు వచ్చాక ఒక మూల పొయ్యి పెట్టుకుంటామని వంటమ్మలు అడుగుతారు, వాళ్ల ఇబ్బంది కూడా నిజమే. ఒప్పుకోకండి, వాళ్లకు విడిగా చిన్న వంట షెడ్డు వేయించండి. తమిళనాడు కుంభకోణంలో 2004 జూలై 16న బడి వంటపాకకు అంటుకున్న మంట 94 మంది పిల్లలను బలి తీసుకుంది. తాటాకు, రెల్లు కప్పులు బడుల్లో వద్దన్న పట్టింపు అక్కడి నుంచే వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత వేసిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, భద్రత లేని బడి చదువు హక్కును తీర్చినట్టు కాదని చెప్పింది. కట్టెల మోపులు, గ్యాస్ సిలిండర్లు, ఖాళీ గోనెలు భోజనం షెడ్డులో దాచకూడదు.

ఇక పునాది. 40 అడుగుల పొడవుకు పదేసి అడుగుల దూరంలో ఒక్కో పక్క ఐదు చొప్పున పది స్తంభాలు. షెడ్డు విస్తీర్ణం 89 చదరపు మీటర్లు, పైకి లేపేది దాదాపు తొమ్మిది టన్నులు. దానికి ఒకటిన్నర రెట్లు వేసుకుని, షెడ్డు సొంత బరువు తీసేస్తే 12 టన్నులు భూమి పట్టుకోవాలి. రెండున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, మూడడుగుల లోతు దిమ్మె ఒక్కోటీ దాదాపు 1,275 కిలోలు. పదికి 12 టన్నుల పైమాటే. మధ్యలోని స్తంభాల మీద మూల స్తంభాల కంటే ఎక్కువ లాగుడు ఉంటుంది, వాటికి దిమ్మెలు ఇంకొంచెం పెద్దవి కావాలి. ఇది ఎర్రమట్టికి, గట్టి మొరానికి సరిపోయే చేతి లెక్క మాత్రమే. డ్రాయింగు మీద ఇంజినీరు సంతకం ఉండాల్సిందే.

నల్లరేగడి అయితే కథ మారుతుంది. ఎండాకాలం పగుళ్లు ఇచ్చి, వానాకాలం ఉబ్బి, దిమ్మెను ఏటా ఒక్కో వైపుకు నెడుతుంది. ఏప్రిల్‌లో మీ మైదానంలో పగులులో ఇనుప చువ్వ దింపి చూడండి, ఎంత లోతు దిగుతుందో దానికి కింద పునాది అడుగు ఉండాలి. గుంత పక్కల ఆ మట్టే తిరిగి పోయకుండా మొరం పోసి దిమ్మెసాతో కుదించాలి. రేగడి మరీ లోతుగా ఉంటే అండర్‌రీమ్‌డ్ పైల్స్ వేయాలి, అంటే భూమి లోతుకు దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే చిన్న కాంక్రీటు స్తంభాలు. అవి పైకి లేవకుండా కూడా పట్టుకుంటాయి.

గుంతలు తవ్విన రోజు అక్కడ మీ మనిషి ఒకరు టేపుతో ఉండాలి. డబ్బు పంపించి ఫొటోలు తెప్పించుకుంటే సరిపోదు. గుంతలో నిలువుగా టేపు పెట్టి, అంకె కనపడేలా ప్రతి గుంతకూ ఫొటో తీయాలి, గోడ మీద సుద్దతో గుంత నంబరు రాసి అది కూడా ఫొటోలో పడేలా చూడాలి. కాంక్రీటు పడ్డాక లోతు గురించి ఎవరేం చెప్పినా నమ్మడం తప్ప దారి లేదు. సిమెంటు, ఇసుక, కంకర మిక్సు 1:1.5:3, నీళ్లు ఎక్కువ పోయనివ్వకండి. గోనె సంచులు కప్పి కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి. వేసవిలో అయితే రోజుకు మూడుసార్లు. సెలవుల్లో పట్టేదెవరు అనేది ముందే తేల్చుకోండి. వాచ్‌మన్ కూలీకి ఇచ్చే డబ్బు వృథా పోదు.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతేయడం చవక. నేల మట్టం దగ్గర నీళ్లు నిలిచి పైపు అక్కడే తుప్పు పట్టి తెగుతుంది. దిమ్మెలో ఫౌండేషన్ బోల్టులు వదిలి, బేస్ ప్లేటు బిగించడం మంచి పద్ధతి. పిల్లలున్న చోట దీనికో చిక్కుంది. బోల్టు చివరలు నేల పైకి పొడుచుకొస్తే పరిగెత్తే పిల్లల కాళ్లకు తగులుతాయి. బోల్టులు బిగించి, లెవెలు చూసి, అంతా అయ్యాక బేస్ ప్లేటు చుట్టూ తొమ్మిది అంగుళాల ఎత్తున, మూలలు గుండ్రంగా కాంక్రీటు కప్పించండి, పైభాగం బయటికి వాలుగా.

స్తంభాలకు 100 ఎంఎం బాక్సు, 4 ఎంఎం మందం అడగండి. ఇక్కడే ఎక్కువ మోసం జరుగుతుంది. బయటికి చూస్తే 2 ఎంఎం పైపూ 4 ఎంఎం పైపూ ఒకటే, రంగు వేశాక అసలే తెలియదు. బరువు మాత్రం దాగదు. 4 ఎంఎం మందమైతే 20 అడుగుల పొడవు దాదాపు 70 కిలోలు తూగుతుంది, 2 ఎంఎం అయితే 37 కిలోల దగ్గరే ఆగుతుంది. కొటేషను చదరపు అడుగు లెక్కన కాకుండా కిలో లెక్కన అడగండి, సరుకు బడికి రాకముందే కాటా చీటీ తెప్పించండి. ఏ ఫ్యాబ్రికేటరూ దీనికి కోప్పడడు. కోప్పడితే మీకు తెలియాల్సింది తెలిసినట్టే. రేటు సబబేనా అన్న మీ ప్రశ్నకు కూడా ఇదే జవాబు. మూడు కొటేషన్లు ఒకే డ్రాయింగుకు, కిలో రేటుకు తెప్పిస్తే పోల్చవచ్చు. ఇప్పుడు మీ దగ్గరున్న అడుగు రేటు దేనికో ఆయనకే తెలుసు.

రేకు విషయంలో సిమెంటు (ఆస్బెస్టాస్) రేకులు వద్దు. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం తేల్చింది. రేకు కోసినప్పుడు, బోల్టుకు రంధ్రం వేసినప్పుడు, విరిగినప్పుడు ఆ దుమ్ము లేస్తుంది. బడిలో బంతి తగిలి రేకు విరగడం ఎంతసేపు? రంగు పూత ఉన్న గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు పూత వేసిన ఉక్కు) రేకు తీసుకోండి, 0.5 ఎంఎం. 0.35 రేకు మీద మనిషి నడిస్తే సొట్ట పడుతుంది, స్క్రూ చుట్టూ చిరుగుతుంది. రంగు తెలుపో లేత బూడిదో. నీలం, ఎరుపు చూడముచ్చటగా ఉంటాయి, కింద కూర్చున్న పిల్లల నెత్తి మాత్రం మాడుతుంది. ఫైబర్ రేకులు, పాలీకార్బొనేట్ వెలుతురు కోసం అక్కడక్కడా ఒకటి అంటారు. నాలుగు పక్కలా తెరిచిన షెడ్డుకు ఆ అవసరం లేదు.

షేడ్ నెట్ చాలదా అని మీ గ్రూపులో ఒకరు అన్నారట. ఎండకు చాలు, చవక కూడా. వాన ఆగదు, మూడు నాలుగేళ్లకు ఎండకు పొడిపొడి అవుతుంది, నిప్పుకు కరిగి కారుతుంది. గాలివాన వస్తుందంటే గబగబా విప్పేయగలగడం ఒక్కటే దానికున్న లాభం. ఆటస్థలం పక్కన కూర్చునే చోటుకు వేసుకోండి, భోజనానికి వద్దు.

రెండు వాలుల కప్పు, చూరు తొమ్మిది అడుగులు, నడిమి పన్నెండు అడుగులు. ఎత్తు ఇంకా పెంచితే వేడి తగ్గుతుంది, జల్లు లోపలికి కొడుతుంది. మన దగ్గర వాన ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, కాబట్టి పొడవైన పక్కను అటు తిప్పకండి, పొట్టి పక్కను తిప్పండి. స్క్రూలకు రబ్బరు వాషరు ఉండాలి, రేకు మిట్ట మీద వేయాలి, పల్లంలో వేస్తే నీళ్లు అక్కడే పారుతూ కారుతుంది. చూరు దగ్గర, నడికప్పు దగ్గర, రెండు చివర్లలో ప్రతి మిట్టకూ స్క్రూ పడాలి. గాలి ముందు అంచులను పట్టుకునే లేపుతుంది. మధ్యలో ఒకటి విడిచి ఒకటి చాలు. దీన్ని కొటేషనులో రాయించండి, లేకపోతే స్క్రూలు అన్ని చోట్లా మూడేసి అడుగుల దూరంలో పడతాయి. చూరు అంచు రేకు కత్తిలా ఉంటుంది, మడిచిన అంచు పట్టీ వేయించండి.

50 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీద నుంచి దాదాపు 4,450 లీటర్లు దిగుతాయి. గట్టర్ లేకపోతే చూరు కింద వారంలో కాలువ తవ్వుకుపోతుంది, దిమ్మెల చుట్టూ మట్టి పోతుంది, ఇంతసేపూ చెప్పిన పునాది బలం అక్కడే తగ్గుతుంది. రెండు పక్కలా గట్టర్, నాలుగంగుళాల పైపులు, దూరంగా ఇంకుడు గుంత. నేల చుట్టుపక్కల కన్నా ఆరంగుళాల ఎత్తు, గరుకుగా, ఒక పక్కకు వాలుగా. చక్రాల కుర్చీ ఎక్కేలా ఒక పక్క ర్యాంపు, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన. చేతులు కడిగే కుళాయిలు షెడ్డు బయట.

లైట్లు, ఫ్యాన్లు పెడితే కరెంటు లీకైతే సరఫరా కోసేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి, షెడ్డు ఇనుముకు విడిగా ఎర్తింగ్. తడి చేతుల పిల్లలు ఇనుప స్తంభాన్ని పట్టుకుని వేలాడే చోట ఇందులో బేరం ఉండకూడదు.

కాగితాలు. దాతలు ఇస్తున్నారు కదా అని హెడ్‌మాస్టరు గారి మౌఖిక అంగీకారంతో మొదలుపెట్టకండి. రేపు ఆయన బదిలీ అయితే అడిగేవారికి జవాబు ఉండదు. బడి యాజమాన్య కమిటీ తీర్మానం, డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు లేఖ, విద్యాశాఖ ఇంజినీరింగ్ విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)తో డ్రాయింగు తనిఖీ, పూర్తయ్యాక బడి స్టాకు రిజిస్టరులో నమోదు. సమగ్ర శిక్ష పథకం కింద 250 నుంచి 1,000 మంది పిల్లలున్న బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు 75,000 రూపాయలు, అది సుద్దముక్కల నుంచి మరుగుదొడ్ల శుభ్రత వరకు అన్నిటికీ. షెడ్డుకు దాని మీద ఆశ పెట్టుకోకండి, ఏటా రంగు, స్క్రూల మరమ్మతుకు కొంత వాడమని మాత్రం తీర్మానంలోనే రాయించండి.

పని వేసవి సెలవుల్లోనే. ఏప్రిల్ చివర బడి మూసిన మర్నాడు గుంతలు తవ్వితే, కాంక్రీటు ఆరేలోపు వర్క్‌షాపులో ట్రస్సులు తయారవుతాయి, జూన్‌లో బడి తెరిచేనాటికి నేల కూడా అయిపోతుంది. పిల్లలున్నప్పుడు వెల్డింగ్, రేకులు ఎత్తడం అస్సలు వద్దు. స్తంభాలు నిలబెట్టి రేకులు సగం వేసి పని ఆపకూడదు. సగం షెడ్డుకే గాలి ఎక్కువ ప్రమాదం, ఏప్రిల్, మే గాలుల కాలమే అది. చట్రం పక్కకు ఒరగకుండా ఏటవాలుగా బిగించే బ్రేసింగ్ రాడ్లు వేశాకే రేకులు, ఎత్తడం మొదలుపెడితే రెండు రోజుల్లో ముగించాలి.

ఇంకొకటి, మీ బ్యాచ్ పేరుతో పెద్ద ఫ్లెక్సీ చూరుకు కడతామన్నారు. ఫ్లెక్సీ తెరచాపై గాలిని పట్టి స్తంభాలను పక్కకు తోస్తుంది, మనం వేసిన లెక్కలో అది లేదు. పేర్లు గ్రానైటు పలక మీద చెక్కించి దిమ్మెకు అతికించండి.

నేల ఎర్రదో రేగడో, కరెంటు లైను ఎంత దూరంలో ఉందో, వంట ఎక్కడ చేస్తున్నారో, స్కేలు నీడ కొలతలు రెండూ రాయండి. మైదానం నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు పెడితే షెడ్డు ఎక్కడ, ఏ దిక్కుకు పెట్టాలో గీసి చూపిస్తాను. అది పట్టుకుని ఏఈ గారి దగ్గరకు వెళితే డ్రాయింగు పని తేలికవుతుంది. అప్పటిదాకా ఆ ఫ్యాబ్రికేటరుకు అడ్వాన్సు ఇవ్వకండి.